లా చదవాలంటే డిగ్రీలో ఏం చదవాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - మూడు ఊళ్లలోనూ కోర్టులున్నాయి. కక్షిదారులుగా మనవాళ్లు ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. నల్లకోటు వేసుకుని ఎక్కే పిల్లలు ఇంకా రావాలి. అందుకే ఇంటర్ పాసైన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చి "ఏ గ్రూపు ఇప్పించమంటారు?" అని ఎవరైనా అడిగితే మాకు సంతోషంగా ఉంటుంది.

ఫలానా గ్రూపే ఉండాలన్న నియమం లేదు. ఏ డిగ్రీ అయినా సరే, ఓ.సి.లకు 45, బి.సి.లకు 42, ఎస్.సి., ఎస్.టి.లకు 40 శాతం మార్కులుంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్.ఎల్.బి.లో చేరవచ్చు. ఇంటర్ తరువాత నేరుగా ఐదేళ్ల కోర్సు కూడా ఉంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. పది, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారికి బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా సీటు రాదు. దుకాణంలో పనిచేస్తూ చదివే పిల్లలకు, మధ్యలో చదువు ఆగిన ఆడపిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఇంటర్ పూర్తిచేసి ఆపైన దూరవిద్యలో డిగ్రీ చదివితే ఇబ్బంది లేదు.

బి.ఎ.లో రాజనీతిశాస్త్రం తీసుకుంటే రాజ్యాంగం అలవాటవుతుంది. బి.కాం. వారు బిజినెస్ లాలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం చదువుతారు. ఎల్.ఎల్.బి.లో మళ్లీ అదే ఎదురవుతుంది. లాసెట్‌లో 120 మార్కులకు 60 న్యాయశాస్త్ర అభిరుచి మీదే. పాత గైడ్లు మాత్రం కొనకండి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది.

మా దృష్టిలో గ్రూపు కన్నా భాషే ముఖ్యం. దావా, వకాల్తా, జప్తు, జామీను, దస్తావేజు - తెలుగు కోర్టు మాటల్లో సగం మన ఇళ్లలో వినేవే. ఒకచోట మాత్రం తడబడవద్దు: ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు! అసలు కష్టం ఇంగ్లీషుతోనే. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు వెలువడేది ఆ భాషలో. డిగ్రీ మూడేళ్లూ రోజుకొక పేజీ ఇంగ్లీషు చదివి, దాని సారం సొంత మాటల్లో రాయని పిల్లవాడు లా మొదటి ఏడాదిలోనే అలసిపోతాడు.

ఇంట్లో ఉన్న పాత దస్తావేజుతో మొదలుపెట్టవచ్చు. అమ్మిందెవరు, కొన్నదెవరు, ప్రతిఫలం ఎంత, చెక్కుబందీలో నాలుగు దిక్కులా ఏమున్నాయి - తెలుగులో చదివి, పది వాక్యాల్లో ఇంగ్లీషులో రాయాలి. సెలవురోజుల్లో ఒక పూట కోర్టు హాలులో వెనుక బెంచీ మీద కూర్చుని సాక్షిని ఎలా ప్రశ్నిస్తారో వినాలి. బహిరంగ విచారణ చూడటానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు, ఫోను ఆపి ఉంచితే చాలు.