పాత డిజిటల్ వ్రాతలు: పరిష్కరణ, పరిరక్షణ

విద్యార్థికి పాఠం వినడం ఎంత ముఖ్యమో, విన్నదానిని వ్రాసి భద్రపరచుకోవడమూ అంతే ముఖ్యం. పూర్వం ఆ వ్రాతలు నోటుపుస్తకాలలో ఉండేవి. నేడు కంప్యూటర్లలో, పెన్‌డ్రైవులలో, సెల్‌ఫోన్లలో ఉంటున్నాయి. నోటుపుస్తకం బల్లమీద చోటు ఆక్రమిస్తుంది కావున ఏడాదికి ఒకమారైనా దానిని సర్దక తప్పదు. డిజిటల్ వ్రాత కంటికి అడ్డురాదు. అందుచేత అది పెరుగుతూనే ఉంటుంది. పెరిగినకొద్దీ కావలసినది దొరకడం దుర్లభమవుతుంది. దొరకని వ్రాత ఉన్నా లేనిదానితో సమానం. దొరికినా చదవ వీలుకాని వ్రాత గతి కూడా అంతే. ఈ రెండు చిక్కులను తొలగించుకొనే విధానాన్ని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

బ్రౌన్ దొర చూపిన మార్గం

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. శిథిలమవుతున్న తెలుగు తాళపత్రాలను, కాగితపు ప్రతులను సేకరించాడు. పండితులను, లేఖకులను నియమించి, ఒకే గ్రంథానికి దొరికిన అనేక ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాడు. సరియైన పాఠాన్ని ఎంచి శుద్ధప్రతులు వ్రాయించాడు. వేమన పద్యాలను ఈ విధంగానే పరిష్కరించి 1829లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు.

ఈ పనిలో నాలుగు మెట్లున్నాయి: సేకరణ, పోలిక, ఎంపిక, శుద్ధప్రతి. పరిష్కరణ అనగా పారవేయడం మాత్రమే కాదు, దాచిపెట్టడం మాత్రమే కాదు. ఆ రెండింటినీ వివేకంతో కలిపి చేసే పని. డిజిటల్ వ్రాతలకూ ఈ నాలుగు మెట్లే ఆధారం.

అక్షరానికి వచ్చిన ప్రమాదం

తెలుగు, ఉర్దూ భాషలలో వ్రాసేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా కాక అంకెగా దాచుకుంటుంది. తొలినాళ్లలో తెలుగుకు సర్వసమ్మతమైన అంకెలు వాడుకలో లేనందున, అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఆంగ్లాక్షరాలకు, ఇతర గుర్తులకు కేటాయించిన స్థానాలలోనే మన తలకట్టులను, గుణింతపు గుర్తులను, వత్తులను అమర్చుకొన్నాయి. ఒక్కొక్క ఫాంటు అమరిక ఒక్కొక్క తీరు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాలు, చుక్కలు, గీతలు కనబడతాయి.

ఉర్దూ పరిస్థితీ ఇటువంటిదే. ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల చేతివ్రాతతో వెలువడ్డాయి. పిమ్మట 1994లో వచ్చిన ఇన్‌పేజ్ నస్తాలీఖ్ లిపిని కంప్యూటరులో సులభసాధ్యం చేసింది. కాని దాని పాత ఫైళ్లను మరొక సాధనంతో చదవడం కష్టం.

1991లో మొదటిసారి వెలువడిన యూనికోడ్ ప్రమాణం ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. అందులో ప్రతి అక్షరానికి స్థిరమైన అంకె ఉన్నది. తెలుగు ‘క’కు 3093, ఉర్దూ ‘పే’కు 1662. ఏ దేశపు కంప్యూటరులోనైనా ఆ అంకె ఆ అక్షరమే. కావున పాత ఫాంట్లలో ఉన్న వ్రాతలను యూనికోడ్‌లోకి మార్చుకోవడం మనకు అత్యవసరం. మార్పిడి సాధనాలున్నాయి గాని, వత్తులు తారుమారు కావడం సాధారణం. కావున ఆ ప్రతిని మూలంతో సరిచూడాలి. ఆ తరువాత కూడా మూలప్రతిని తొలగించరాదు.

ఈ ప్రమాదం మన భాషలకే పరిమితం కాదు. ఇంగ్లండులో 1086 నాటి భూముల లెక్కల గ్రంథం డూమ్స్‌డే బుక్ నేటికీ చదవ వీలుగా ఉన్నది. దాని తొమ్మిది వందల ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ లేజర్ డిస్కులపై ఒక నూతన సంకలనం రూపొందించింది. రెండు దశాబ్దాలు గడవకముందే ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయాయి. అందలి సమాచారాన్ని వెలికితీయడానికి పరిశోధకులు ఎంతో శ్రమించవలసి వచ్చింది.

ఏది ఉంచాలి, ఏది విడవాలి

ముందుగా అన్ని సాధనాలలోని వ్రాతలను ఒకచోట చేర్చి, దేనినీ తొలగించకముందే మొత్తానికి ఒక నకలు తీయాలి. పిమ్మట మూడు భాగాలు చేయాలి: ప్రస్తుతం చదువుతున్నవి, భద్రపరచవలసినవి, విడువవలసినవి.

విభజనకు ఒక ప్రశ్న చాలు: ‘ఇది నా వద్ద పోతే మరెక్కడనైనా దొరుకుతుందా?’ పాఠ్యప్రణాళిక, ముద్రిత గ్రంథపు నకలు, వాట్సాప్‌లో పదిమందికి వచ్చిన ప్రశ్నపత్రం మరొకచోట దొరుకుతాయి. వాటిని నిస్సంకోచంగా విడువవచ్చు. ఒకే వ్యాసానికి ఏడు చిత్తుప్రతులుంటే పోల్చి చూచి చివరిదానిని ఉంచితే చాలు. కాని మీ సొంత వ్యాఖ్యానం, మీరు సేకరించిన మాండలిక పదాలు, పీర్ల పండుగనాడు పల్లెలో పాడే తెలుగు పాటను మీ నానమ్మ నోట విని సెల్‌ఫోనులో పట్టుకొన్న ధ్వనిముద్రణ మరెక్కడా ఉండవు. అట్టి పాటలు పుస్తకాలకెక్కినవి కొన్నే. పాడినవారి పేరు, ఊరు, తేదీ వెంటనే వ్రాసి ఉంచకపోతే కొంతకాలానికి ఆ గొంతు ఎవరిదో చెప్పేవారు ఉండరు.

పేరు, ప్రతి, పరీక్ష

ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ అనే వరుస పాటించాలి. ‘2024-07-19-వేమన-వ్యాఖ్య’ అని వ్రాస్తే కంప్యూటరే కాలక్రమంలో పేర్చిపెడుతుంది. ‘కొత్తది’, ‘చివరిది’ అనే పేర్లు ఏ సంగతీ తెలుపవు. ఫోల్డర్లు కొద్దిగా ఉంటే మేలు. మొత్తానికి ఒక పుట సూచిక ఉంటే మరీ మేలు.

భద్రపరచినవాటికి మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాలమీద ఉండాలి. ఒకటి వేరొక చోట ఉండాలి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు ఇళ్లను ముంచెత్తింది. అటువంటి విపత్తులో ఒకే ఇంట ఉన్న మూడు ప్రతులు ఒక్క ప్రతితో సమానం. అంతర్జాలంలో దాచినవీ శాశ్వతమని తలచరాదు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను అందలి సమస్తంతో సహా తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించింది.

తాళపత్రాలను భద్రపరచేవారు అప్పుడప్పుడు కట్టవిప్పి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూస్తారు. ఆ విధంగానే ఏడాదికొకమారు మన ఫైళ్లను తెరచి చూడాలి. తెరుచుకోని ఫైలు కనబడితే, మిగిలిన ప్రతులు నిలిచి ఉండగానే దానిని సరిచేయవచ్చు.

కళాశాల కర్తవ్యం

ఇది ఒక్కరి పని మాత్రమే కాదు. ఉర్దూ, తెలుగు భాషలలో వెలువడే కళాశాల సంచికలో విద్యార్థుల తొలి రచనలుంటాయి. వాటికి మరొక ముద్రణ ఉండడం అరుదు. కావున పాలకవర్గం వారు పాత సంచికల ఫైళ్లను సేకరింపజేసి, రెండు భాషలనూ యూనికోడ్‌లోకి మార్పించి, ఒక ప్రతిని గ్రంథాలయంలోనూ మరొకదానిని బయటనూ ఉంచే ఏర్పాటు చేయవలసిందిగా మనవి. అచ్చుప్రతి మాత్రమే మిగిలిన సంచికలను పుట పుటా స్కాన్ చేయించవచ్చు. మార్పిడి ప్రతులను సరిచూచే పని తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు పంచుకొంటే, అది వారికి పాఠపరిష్కరణలో చక్కని శిక్షణ కూడా కాగలదు. పాత ఫాంట్లు తెలిసినవారు, ఆ కంప్యూటర్లు పనిచేసే స్థితిలో ఉన్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారుండగానే ఈ పని పూర్తికావడం శ్రేయస్కరం.