కుక్కపిల్లను దత్తత తీసుకోవాలంటే?

ప్రశ్న: మాది హైదరాబాద్. పదేళ్ల మా పాప కుక్కపిల్ల కావాలంటోంది. కొనకుండా దత్తత తీసుకుందామనుకుంటున్నాం. ఎక్కడ వెతకాలి? ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మంచి నిర్ణయమమ్మా. మీ నగరంలోని బ్లూ క్రాస్ వంటి జంతు సంరక్షణ సంస్థల్లో, దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి. మన ఊరకుక్క పిల్లలు ఇక్కడి ఎండలను బాగా తట్టుకుంటాయి.

ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరుచేయకండి. తొందరగా విడదీస్తే బెదురు, కరిచే అలవాటు పెరుగుతాయి. కళ్లు, ముక్కు శుభ్రంగా ఉండి, పిలిస్తే దగ్గరకొచ్చే పిల్లను ఎంచుకోండి. ఇంటిల్లిపాదీ వెళ్లి చూడండి. అద్దె ఇల్లయితే యజమానితో ముందే మాట్లాడండి.

తెచ్చిన వెంటనే డాక్టరుకు చూపించి, నట్టల మందు, టీకాలు మొదలుపెట్టించండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో తిప్పొద్దు. మొదటి వారం పాత తిండే పెట్టి, నెమ్మదిగా మార్చండి.

వాంతులు, రక్త విరేచనాలు కనిపిస్తే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కపిల్ల పాపను కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.