పికప్ బండి: పెద్ద ఇంజనా, చిన్న ఇంజనా?

ప్రశ్న: మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలడానికి బొలెరో పికప్ మేలా, టాటా ఇంట్రా వీ30 మేలా? మైలేజీ ఎందులో ఎక్కువ?

జవాబు: రెండూ డీజిల్ బండ్లే, రెండింటికీ నాలుగు సిలిండర్లే. తేడా ఇంజన్ సైజులో ఉంది. బొలెరో పికప్‌ది 2,523 సీసీ, ఇంట్రాది 1,496 సీసీ. పెద్ద ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలోనే బరువు లాగుతుంది కాబట్టి, నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు దించే పని తగ్గుతుంది. సగం లోడుతో ఊళ్ల మధ్య తిరిగే బండికి చిన్న ఇంజనే డీజిల్ మిగులుస్తుంది. దాని మీద పరిమితికి మించి బస్తాలు వేస్తే ఆ ఆదా కాస్తా ఆవిరే.

కంపెనీ చెప్పే మైలేజీ ఖాళీ రోడ్డు లెక్క.

అసలు లెక్క బంకులోనే తేలుతుంది. ట్యాంకు ఫుల్ చేయించి, రీడింగ్ రాసుకుని, బండి తిరిగాక మళ్లీ ఫుల్ చేయించాలి. 540 కిలోమీటర్లకు 45 లీటర్లు పడితే లీటరుకు 12 వచ్చినట్టు.

ఆ మైలేజీ నిలబడాలంటే, మట్టిదారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గడువుకు ముందే చూపించుకోవాలి. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీటిని మాన్యువల్‌లో చెప్పినట్టు తీసేయాలి. టైర్లలో గాలి తగ్గితే మైలేజీ పడిపోతుంది, లోడుకు తగ్గట్టు గాలి వారం వారం చూడాలి.