పది రోజుల సంచి

చిరంజీవి చిన్నాకు,

రెజిమెంటల్ బజార్‌లో గది దొరికిందని మీ అమ్మ చెప్పగానే సంబరపడ్డాను. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన బస్తీ అది. కానీ డ్యూటీ దిగి వచ్చి రోజూ స్టేషన్ ముందు బిర్యానీతోనో, గదిలో బ్రెడ్డుతోనో సరిపెట్టుకుంటున్నావట. మనసు కలుక్కుమంది. వంట నేర్చుకొమ్మని పోరను. పొయ్యి దగ్గర పెద్దగా నిలబడకుండా ఈ చలికాలం సలాడ్లతో కడుపు నింపుకునే దారి చెబుతాను.

మోండా మార్కెట్ నీకు నడిచిపోయేంత దగ్గర. సెలవు రోజు పొద్దున్నే వెళ్లు. సలాడ్ అనగానే అందరూ కీర, టమాటా కొంటారు, నాలుగో రోజుకు మెత్తబడతాయి. నువ్వు క్యాబేజీ, క్యారట్, బీట్‌రూట్, ముల్లంగి, నూల్‌కోల్ కొను. క్యాబేజీ చేతిలో రాయిలా బరువుండాలి. మా అత్తగారు వీటిలో చాలావాటిని ఇంగ్లీషు కూరలనేవారు, తద్దినం నాడు వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న కంటోన్మెంటు ఊరు మన సికింద్రాబాద్, రెజిమెంటల్ బజార్ అంటే పటాలం బజారే. ఈ కూరలు మనవాళ్లకు ముందుగా అలవాటయ్యాయంటే ఆ పటాలాల చలవేనని నా నమ్మకం.

ఇంటికి తేగానే దుంపల ఆకులు కోసెయ్యి. ఆకు ఉన్నంతసేపూ దుంపలోని నీరు లాగుతూనే ఉంటుంది. ముల్లంగి ఆకు పారేయకు, మర్నాడు పప్పులో వేసుకో. దుంపల్ని కడగకుండా గుడ్డసంచిలో కట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టు. ఆపిల్ పండ్ల పక్కన మాత్రం క్యారట్ పెట్టకు. ఆ పండు వదిలే వాయువుకు క్యారట్ చేదెక్కుతుంది. కొత్త కాపురంలో నేను అలాగే పెట్టి కిలో క్యారట్ పాడుచేశాను, మీ పెదనాన్న ఏమీ అనకుండా తిన్నారు, ఆయన ముఖం ఇప్పటికీ గుర్తే. క్యాబేజీని సగానికి నరకకుండా పైనుంచి ఒక్కో ఆకే ఒలుచుకుంటే రెండు వారాలైనా నిలుస్తుంది. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వేరువేరు బుట్టల్లో, గాలి తగిలేచోట ఉండాలి.

డ్యూటీ నుంచి రాగానే గుప్పెడు పెసరపప్పు నానబెట్టు. క్యాబేజీ ఆకుల్ని బాగా కడిగి, సన్నగా తరిగి, ఉప్పు చల్లి గట్టిగా పిసికి వదిలెయ్యి. నువ్వు స్నానం చేసి వచ్చేసరికి నీరు ఊరుతుంది, పచ్చివాసన తగ్గుతుంది. ఆ నీరు పిండెయ్యి. ఇది మానేస్తే ఎంత మంచి సలాడైనా గిన్నె అడుగున నీళ్లు నీళ్లవుతుంది. అందులో క్యారట్ తురుము, వడకట్టిన పప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు కలుపు. పల్లీలు ధారాళంగా వెయ్యి, రాత్రి ఆకలికి నిలబడేవి అవే. రెండు చెంచాల నూనెలో ఆవాలు, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టు. బక్కగా ఉండాలని నూనె మానకు, క్యారట్‌లోని సారం ఒంటబట్టాలంటే కొవ్వు తోడుండాలి. నిమ్మకాయ చివర్లో పిండుకో. పచ్చి క్యాబేజీతో కడుపు ఉబ్బరిస్తే తరిగిన ముక్కల్ని ఉప్పు వేసే ముందు మరుగునీళ్లలో ఒక్క నిమిషం ముంచి తియ్యి.

బీట్‌రూట్‌ను తొక్కతో, కాడ మొదలు కొంచెం ఉంచి ఉడికించు, రంగు నీళ్లలోకి పోదు. చల్లారాక ముక్కలు కోసి, పెరుగు, వేయించిన నువ్వుల పొడి కలుపు. కందగడ్డ దొరికితే అది కూడా ఉడికించి వేసుకో, ఇక అన్నం అడగవు. పచ్చి కందగడ్డను ఫ్రిజ్‌లో పెడితే లోపల గట్టిపడుతుంది, బయటే ఉంచు.

ముల్లంగి, నూల్‌కోల్ మొదటి నాలుగు రోజుల్లో తినెయ్యి. తర్వాత క్యారట్. క్యాబేజీ, బీట్‌రూట్ పదో రోజు దాకా నీకు తోడుంటాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మోండా నుంచి ఎర్ర క్యారట్లు ఒక కిలో పట్టుకురా. ఇక్కడ నారింజ రంగువే దొరుకుతున్నాయి. ఆకులు అక్కడే కోయించు.

నీ పెద్దమ్మ