రైలు పోలిక ఎంతవరకు?

సికింద్రాబాద్‌లో బోటనీ చెప్పేవాడికి సూక్ష్మనాళికల పాఠంలో ఒక పోలిక ఊరికే దొరుకుతుంది. క్లాసులో రైల్వే క్వార్టర్స్ పిల్లలకు కొదవ ఉండదు. నాళికలు పట్టాలు, కైనెసిన్లు ఇంజన్లు అంటే చాలు, అర్థమైనట్టు తలలూపుతారు. నేను రిటైరయ్యాను. కొత్తగా ఈ పాఠం చెప్పబోయే లెక్చరర్ల కోసం కొన్ని మాటలు.

1. పోలిక వాడండి, కానీ ఇక్కడ పట్టాలే కరుగుతుంటాయని అదే గంటలో చెప్పండి. సూక్ష్మనాళిక సుమారు 25 నానోమీటర్ల మందం ఉన్న గొట్టం. మామూలుగా 13 ట్యుబ్యులిన్ పోగులు పక్కపక్కన చేరితే అది తయారవుతుంది. ఒక కొస పెరుగుతుంటే ఇంకో కొస తరుగుతుంది. ఏటీపీని ఖర్చుపెడుతూ కైనెసిన్ దానిమీద నడుస్తుంది. దక్షిణ మధ్య రైల్వేలో ఇలాంటి లైను నేను చూడలేదు.

2. "సెల్యులోజ్‌ను నేసే యంత్రాన్ని లాగేదెవరు?" అని పిల్లల్ని అడిగి, కాసేపు ఊరుకోండి. అందరూ కైనెసిన్ అంటారు. అననివ్వండి. తర్వాత కథ చెప్పండి.

సెల్యులోజ్ పోగులు కణం చుట్టూ అడ్డంగా పడితే కణం లావెక్కలేదు, పొడుగే సాగుతుంది. కాబట్టి పోగులు ఏ దిశలో పడతాయన్నదే అసలు సంగతి. 1962లో పాల్ గ్రీన్ నైటెల్లా అనే శైవలానికి కాల్చిసిన్ పెట్టి చూశాడు. పోగుల వరస చెడి, పొడుగ్గా పెరగాల్సిన కణం ఉబ్బింది. మరుసటి ఏడాది లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కణకవచానికి సరిగ్గా లోపల, సెల్యులోజ్‌కు సమాంతరంగా నాళికలను చూశారు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా వాదనే. 2006లో పరెడెజ్, సోమర్‌విల్, ఎర్‌హార్ట్ సెల్యులోజ్ సింథేజ్‌కు మెరిసే ప్రోటీన్ తగిలించి, బతికున్న కణంలో అది కదలడం చూశారు. అది నాళికల దారినే పోతోంది, నిమిషానికి సుమారు 300 నానోమీటర్లు. చురుకైన కైనెసిన్ సెకనుకే అంతకన్నా ఎక్కువ పోగలదు. అసలు దెబ్బ ఇంకొకటి. ఒరైజలిన్ మందుతో నాళికలను మాయం చేసినా సింథేజ్ ఆగలేదు, దారి మాత్రం మార్చుకుంది. అంటే లాగేవాళ్లు లేరు. గట్టిపడుతున్న పోగే వెనక నుంచి నెడుతుంది, నాళిక దారి చూపుతుంది. ఈ ఒక్క ప్రయోగం మీద ఒక పీరియడ్ పూర్తిగా గడిపినా నష్టం లేదు.

3. మరి మోటార్లకు పని లేదా? ఉంది, సరుకు రవాణా. ఎఫ్‌ఆర్‌ఏ1 అనే కైనెసిన్ పాడైన అరబిడాప్సిస్ కాండం సులువుగా విరుగుతుందని 2002లో తేలింది. అది సెల్యులోజ్ దిశను సరిదిద్దుతుందని మొదట అనుకున్నారు. తర్వాత సెయింట్ లూయిస్‌లో రామ్ దీక్షిత్ బృందం చూస్తే, సింథేజ్ కదలికలో పెద్ద తేడా లేదు. తగ్గింది పెక్టిన్ వంటి కణకవచ పదార్థాల చేరవేత. వరిలోనూ ఇదే కుటుంబపు కైనెసిన్ చెడితే మొక్క పొట్టిదై, గడ్డి పెళుసవుతుంది. ఊరి నుంచి వచ్చిన పిల్లలకు ఈ ఉదాహరణ చాలు.

4. జంతుకణం బొమ్మను మొక్కకు అంటించకండి. పూలమొక్కల్లో సైటోప్లాస్మిక్ డైనీన్ లేదు. కైనెసిన్లు మాత్రం దండిగా ఉన్నాయి: అరబిడాప్సిస్‌లో 61, మనుషుల్లో 45. వాటిలో ఒకటైన కేసీబీపీని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో అనిరెడ్డి ఎస్.ఎన్. రెడ్డి బృందం 1996లో వెల్లడించింది. కాల్షియం, కాల్మొడులిన్ తగిలితే అది నాళికను వదిలేస్తుంది. అది లోపిస్తే ఆకు మీది కేశాలకు కొమ్మలు తగ్గుతాయి. పత్తి నారలో దీని బంధువు ఉంది. ఒక్కో నార ఒకే కణం.

5. పత్తి మాట వచ్చింది కాబట్టి పెండిమిథాలిన్ గురించి అడగండి. విత్తిన వెంటనే కలుపు మొలవకుండా కొట్టే ఆ మందు ఒరైజలిన్‌కు తోడబుట్టినది. మొలిచే కలుపు వేర్ల కొనల్లో నాళికలు కూడవు. పోగులకు దిశ తప్పి కొన గుండుగా ఉబ్బుతుంది, గ్రీన్ కణం ఉబ్బినట్టే. "మరి పత్తి ఎందుకు చావదు సార్?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మందు పై మట్టిపొరలోనే ఆగుతుంది, విత్తనం దానికి కింద పడుతుంది. ఎంత లోతున విత్తారో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమనండి.