విక్రయాధికారి కాయకము

కాయకమనగానే నేటి పిల్లలకు చేతిపనులే స్ఫురించుచున్నవి. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను. శరణగణములో ఇట్టివారే పెక్కుమంది ఉండుటచే ఆ భావము కలుగుట సహజము. అయితే నేటి లింగాయత కుటుంబముల యువకులలో పలువురు ఏ వస్తువును తమ చేతులతో తయారుచేయని ఉద్యోగములలో ప్రవేశించినారు. సబ్బులు, బిస్కెట్లు, మందులు, విత్తనములు మొదలగువానిని చేయు కంపెనీలలో ఒక ప్రాంతపు అమ్మకముల భారము వహించు ఉద్యోగులు అట్టివారు. వీరిని ఏరియా మేనేజరనియు, టెరిటరీ మేనేజరనియు వ్యవహరింతురు. ‘నోటిమాటతో బ్రతుకువాడు’ అని పెద్దలు కొందరు వీరిని గూర్చి తేలికగా పలుకుట కలదు. ఆ పలుకు న్యాయమైనది కాదు. అట్లని ఈ ఉద్యోగమంతయు కాయకమేయని విచారింపక ఒప్పుకొనుటయు తగదు. ఈ వృత్తిలో కాయకమెంత, కానిదెంత అను విషయము తెలియవలెనన్నచో ముందు ఆ పని స్వరూపము తెలియవలెను.

కర్నూలు కేంద్రముగా పనిచేయు ఒక ఏరియా మేనేజరును ఉదాహరణముగా గ్రహింతము. కర్నూలు, ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు, పత్తికొండ, నంద్యాల, ఆత్మకూరు ఆతని పరిధిలోనివి. ప్రతి పట్టణమునందును కంపెనీ సరుకును తన పెట్టుబడితో కొని గోదాములో నిలువచేయు డిస్ట్రిబ్యూటరు ఉండును. ఆతని యొద్దనుండి సేల్సుమన్లు వీధివీధికి దిరిగి కిరాణా దుకాణములకు సరుకు వేయుదురు. ఏ దినమున ఏ వీధి అను క్రమమును బీటు అందురు. మేనేజరు నెలలో సగముకంటె ఎక్కువ దినములు బస్సులలోను లాడ్జీలలోను గడపుచు, సేల్సుమన్లతో బీటు తిరుగుచు, పాడైన సరుకునకు బదులిప్పించుచు, డిస్ట్రిబ్యూటరునకు రావలసిన క్లెయిములను కంపెనీ నుండి రాబట్టుచు ఉండును. మారుమూల పల్లెలోని దుకాణమున రోగికి కావలసిన మందు, పసిబిడ్డకు కావలసిన పాలపొడి వేళకు దొరకుటలో ఇట్టివాని శ్రమ కొంత ఇమిడియున్నది. వస్తువును పుట్టించుట ఒక పని, అది అవసరమున్నచోటికి చేరునట్లు చూచుట మరియొక పని. రెండవది మొదటిదానికి తీసిపోదు.

ఈ పనికి తెలివి గూడ కావలెను. ఆదోని, ఆలూరు ప్రాంతముల పల్లెలలో వేరుసెనగ, ప్రత్తి చేతికి వచ్చిన పిమ్మటనే చేతిలో డబ్బాడును. వాన తప్పిన యేడు దుకాణదారుడు అరువు ఖాతాలు వ్రాసికొనుచు కూర్చుండును. ఈ సంగతి నెరిగిన మేనేజరు ఏ నెలలో ఎంత సరుకు కదలునో ముందే అంచనా వేయగలడు. ఏటేట ఉగాదికి కన్నడదేశమునుండి లక్షలాది వీరశైవ భక్తులు ఆత్మకూరు మీదుగా నల్లమల గుండ శ్రీశైలమునకు కాలినడకను పోవుదురు. అది కార్యాలయపు పటములో కనబడదు. ఆ దారిలోని చిన్న దుకాణములలో మంచినీరు, బిస్కెట్లు, కాళ్లనొప్పులకు పూసికొను మందులు పదిదినములు ముందుగ నిలువయుంచినవాడు వ్యాపారమును చేసినవాడు, యాత్రికునకు సాయపడినవాడు. ఇట్టిచోట లాభమునకును దాసోహభావమునకును తగవు లేదు.

తగవు నెలాఖరున వచ్చును.

ప్రతి మేనేజరునకు నెలకు ఇంత అమ్మవలెనని టార్గెట్టు నిర్ణయింతురు. కంపెనీ లెక్కలో అమ్మకమనగా డిస్ట్రిబ్యూటరు పేర బిల్లు వ్రాయుట. దీనిని ప్రైమరీ అందురు. డిస్ట్రిబ్యూటరు నుండి దుకాణములకు పోవునది సెకండరీ. జనము నిజముగా కొనుచున్నది ఎంతయో సెకండరీనిబట్టి కొంత తెలియును. కాని మేనేజరు టార్గెట్టు చాలచోట్ల ప్రైమరీ మీదనే కొలువబడును. కావున నెల చివరి రెండుమూడు దినములలో డిస్ట్రిబ్యూటరును బుజ్జగించియో, ఏజెన్సీ మరియొకరికి పోవునని సూచించియో, వచ్చే నెలలో స్కీము ఇప్పింతునని మాటయిచ్చియో, అవసరము లేని సరుకును ఆతని గోదాములో దింపించుట జరుగుచున్నది. వృత్తిలోనివారు దీనిని డంపింగు అందురు. సరుకు పంపుట వేరు, సరుకు మోపుట వేరు. రెండును బిల్లుపై ఒక్కరీతిగనే కనబడును.

ఇందలి హాని లెక్క వేసిన గాని బోధపడదు. ఒక పట్టణమున దుకాణములు నెలకు 8 లక్షల రూపాయల సరుకు తీసికొనుననుకొందము. డిస్ట్రిబ్యూటరునకు నూటికి 5 రూపాయల చొప్పున 40,000 వచ్చును. ఇందులోనే గోదాము అద్దె, ఆటో కిరాయి, నౌకర్ల జీతము పోవలెను. మేనేజరు 12 లక్షలకు బిల్లు వేయించినచో 4 లక్షల సరుకు మిగిలిపోవును. బ్యాంకు వడ్డీ ఏటికి నూటికి 12 చొప్పున ఆ సరుకు మీద నెలకు 4,000, అనగా వచ్చుబడిలో పదియవ వంతు, ఊరక పోయినట్లు. మరుసటి నెల ఆతడు నిజముగా కొనవలసినది 4 లక్షలే. కాని టార్గెట్టు తగ్గదు. మరల 12 లక్షలు మోపినచో మిగులు 8 లక్షలగును. మూడవ నెలకు 12 లక్షలు. అప్పటికి వడ్డీయే నెలకు 12,000 కాగా, మొదటి నెలలో దిగిన బిస్కెట్ల పెట్టెలపై తేదీ దగ్గర పడుచుండును. అప్పుడు డిస్ట్రిబ్యూటరు చేయగలిగినది ఒక్కటే, తన కొనుబడికంటె తక్కువకు తెగనమ్ముట. 1-7-2017న జి.ఎస్.టి. అమలునకు వచ్చిన పిమ్మట రాష్ట్ర సరిహద్దుల పన్ను చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. కావున ఆదోనిలో తెగనమ్మిన సరుకు బళ్లారికి, రాయచూరునకు సులభముగా చేరును. అక్కడ న్యాయముగా పనిచేయుచున్న మరియొక డిస్ట్రిబ్యూటరు వ్యాపారము చెడును. మొదట మోపినవాడు ఇంతలో ఇన్సెంటివు పుచ్చుకొని, కొందరు పదోన్నతియు పొంది, మరియొక ప్రాంతమునకు బదిలీయై పోవుదురు. కష్టపడినవాడు ఒకడు, ఫలము పొందినవాడు మరియొకడు. ఆ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చిన మేనేజరు పాతసరుకుతో నిండిన గోదాములను చూచి తల పట్టుకొనును.

శూన్యసంపాదనలో నులియ చందయ్య వృత్తాంతమును ఈ సందర్భమున చదువవలెను. చందయ్య చెరువులో గడ్డి కోయుచుండగా ఆతని ఇష్టలింగము నీటిలో జారిపడెను. ఆతడు కోత మానలేదు. లింగము వెంటబడి వేడగా, మాచయ్య నడుమ నిలిచి నచ్చజెప్పగా, లింగము గూడ తనతో కాయకము చేయవలెనను నియమముతో చందయ్య అంగీకరించెను. పేనిన త్రాటిని అమ్ముటకు లింగమే పోయెను. బసవేశ్వరుడు దానికి తగిన వెలకు మిక్కిలి మించిన ధనమిచ్చెను. చందయ్య సంతసింపలేదు సరికదా ఆక్షేపించెను. త్రాటికి త్రాటి వెలయే రావలెను. ఈ కథను సామాన్యముగా కాయకనిష్ఠకు ఉదాహరణముగ చెప్పి విడుతురు. ఇందులో ఉత్పత్తి చేయువాడు ఒకడు, అమ్ముటకు పోవువాడు మరియొకడు అను సంగతిని ఎవరును గమనింపరు. అమ్మువాడు సాక్షాత్తు లింగమే అయినను వెలవిషయమున జవాబు చెప్పవలసినదే అని చందయ్య తీర్పు. విక్రయాధికారికి ఇంతకంటె సూటియైన పాఠము దొరకదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మరింత ప్రసిద్ధము. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి ఆ దంపతులు దాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య అలవాటుకంటె హెచ్చుగా తేగా, లక్కమ్మ ఆ హెచ్చును తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. దొంగిలించిన బియ్యము కాదు గదా, దోషమేమి అని సందేహము కలుగవచ్చును. దోషము మూలములో లేదు, పరిమితిలో కలదు. తన నిజమైన శ్రమకు మించి వచ్చినది శివార్పణమునకు పనికిరాదని ఆమె నిశ్చయము. సత్యశుద్ధ కాయకమను మాటకు ఇదియే తాత్పర్యము. నెలాఖరున మోపిన సరుకుపై వచ్చిన ఇన్సెంటివు ఈ పరీక్షకు నిలువదు. ఆ సొమ్ములో కొంత భాగమును మఠమునకు సమర్పించి రసీదు పుచ్చుకొన్నంత మాత్రమున అది దాసోహము కానేరదు. ఆదోనిలోని చిన్న వ్యాపారి కట్టిన వడ్డీ అది.

ఈ కథలో తిరిగి పంపినది ఇల్లాలు అను విషయమును గృహిణులు గమనింపవలెను. నేడు పెండ్లి మాటలలో జీతమెంత అని అడిగిన వెంటనే ఇన్సెంటివు ఎంత అని అడుగుచున్నారు. తోటి ఉద్యోగి కారు కొనెనని ఇంటిలో నిత్యము వినవలసివచ్చినవాడు నెలాఖరున నిగ్రహము చూపుట కష్టము. మేనేజరుపై ఒత్తిడి కంపెనీనుండియే వచ్చుననుకొనుట పొరపాటు.

ప్రయాణపు ఖర్చుల బిల్లు మరియొక చిక్కు. బస్సులో పోయి కారు కిరాయి వ్రాయుట, బంధువుల ఇంట పండుకొని లాడ్జి బిల్లు జతచేయుట అందరును చేయునదే యని కొందరు సమర్థింతురు. బసవేశ్వరుడు కల్యాణములో బిజ్జలుని భాండారమునకు అధికారి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పగా, లెక్క చూచినప్పుడు ధనము తరుగలేదని ఆయన చరిత్ర చెప్పుచున్నది. దాసోహమునకై గూడ యజమానుని సొమ్ము ముట్టనివానిని గురువుగా తలచువారు దొంగబిల్లు వ్రాయుట ఎట్లు?

పంచాచారములలో భృత్యాచారమనునది శరణుల యెడ సేవకభావము. దీనిని క్రింది ఉద్యోగుల విషయమునకు అన్వయించుకొనుట మంచిది. సేల్సుమనుకు వచ్చునది స్వల్పజీతము. ఎండలో నలువది దుకాణములు తిరిగి రాత్రి రిపోర్టు పంపును. ఇప్పుడు చాల కంపెనీలలో ఫోనులోనే ఆతడు ఏ దుకాణము కడ ఎన్ని గంటలకు నిలిచెనో నమోదగుచున్నది. తన పై అధికారి కసరిన కసరును అట్లే క్రిందికి దింపువాడు మేనేజరు కాడు, వట్టి గొట్టము. బీటులో సేల్సుమనుతో కలిసి నడచి, ఆతడు భుజించిన పిమ్మట తాను భుజించువానికి దుకాణముల నిజస్థితి గూడ తెలియును. ఆ నిజస్థితి తెలిసినవానికే డంపింగునకు ప్రత్యామ్నాయము కనబడును.

ఆ ప్రత్యామ్నాయము వట్టి ఆదర్శము కాదు. నెల మొదటి వారముననే ఒక్కొక్క డిస్ట్రిబ్యూటరు గోదాములోని నిలువను స్వయముగ లెక్కించి, గడచిన మూడు నెలల సెకండరీతో పోల్చి, ఎన్ని దినములకు సరిపడునో వ్రాసియుంచవలెను. నెల సగమైనప్పుడే టార్గెట్టు అందదని తోచినచో, వాన లేమి, పంటధర, పోటీ కంపెనీ స్కీము మొదలగు కారణములతో పై అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. చివరిదినమున చెప్పిన కారణము సాకుగ వినబడును. పదునైదవ తేదీన చెప్పినది సమాచారమగును. లోటును పాత దుకాణములపై మోపుటకు మారుగ, కంపెనీ సరుకు ఇంతవరకు చేరని పల్లెలను బీటులో చేర్చి పూరించుకొనవలెను. ఇది నెలలో ఫలించునది కాదు, ఏడాది పట్టును. ఇంత చేసినను కొందరికి ఆ యేడు పదోన్నతి తప్పును, కొందరు ఉద్యోగమే మారవలసివచ్చును. ఈ సంగతి దాచిపెట్టి యువకులకు నీతులు చెప్పరాదు. అట్టి యువకుడు ఊరికి వచ్చినప్పుడు, పక్కింటివాని హోదాతో పోల్చి చిన్నబుచ్చక, నష్టపోయినది దేనికొరకో అడిగి తెలిసికొనవలసిన బాధ్యత బంధువులపై కలదు.

సంచారములోనుండువారు నిత్యపూజ సాగుటలేదని చింతించుట కద్దు. ఇష్టలింగము మెడలోనే యుండగా దేవాలయము వెదకనక్కరలేదు. విభూతి, చిన్న వస్త్రము, నీటికొక గిన్నె సంచిలో ఉండిన చాలును. లాడ్జి గదియైనను తెల్లవారుజామున నిశ్శబ్దముగనే యుండును. పూజ ముగిసిన పిమ్మటనే ఫోను తెరచు నియమము పెట్టుకొన్నవారు, పై అధికారి పంపిన ఆ దినపు అంకెలను అరగంట ఆలస్యముగ చూచుటచే ఏమియు నష్టపోలేదు.