ముద్దాయి నేరము ఒప్పుకొన్న పిమ్మట

ఒక గ్రామమున బాలికపై అత్యాచారము జరిగినదనుకొందము. మరునాటి సాయంకాలమున నిందితుని బంధువులు సర్పంచి ఇంటికి వచ్చి, "కుర్రవాడు తప్పు ఒప్పుకొనుచున్నాడు, కాళ్ళమీద పడుచున్నాడు. జరిమానా ఏదో వేసి మాట ఇక్కడనే తెంపండి. ఒప్పుకొన్నవానికి కోర్టువారు మాత్రము ఏమి శిక్ష వేయుదురు?" అని అడుగుదురు. పంచాయతీ సభ్యులలో పలువురు ఇట్టి మాటలు వినియే యుందురు. ఈ మాటలలో రెండు పొరపాట్లు గలవు. రచ్చబండ వద్ద ఒప్పుకొనుట వేరు, న్యాయస్థానమున ఒప్పుకొనుట వేరు. ఇక న్యాయస్థానమున ఒప్పుకొన్నంత మాత్రమున శిక్ష తేలికయగునని ఎవ్వరును నమ్మరాదు.

పెద్దల యెదుట నిందితుడు పలికిన మాట తీర్పునకు ఆధారమగు నేరాంగీకారము కాదు. అది కేవలమొక సాక్ష్యము. దానిని జడ్జి మిక్కిలి జాగ్రత్తతో తూచును. విన్న పెద్దలు బోనెక్కి, విన్నది విన్నట్లు చెప్పవలసి వచ్చును. పోలీసు అధికారితో చెప్పిన ఒప్పుకోలునైతే ముద్దాయిపై నేరము రుజువు చేయుటకు వాడుటకే వీలులేదు.

నిజమైన నేరాంగీకారము సెషన్సు న్యాయస్థానమున, అభియోగము చదివి వినిపించి వివరించిన పిమ్మట జరుగును. వకీలును పెట్టుకొనలేని ముద్దాయికి ప్రభుత్వ వ్యయముతో వకీలును ఏర్పరుతురు. ముద్దాయి "నేరము చేసితిని" అన్నచో జడ్జి దానిని వ్రాసికొని, తన విచక్షణ చొప్పున అతనిని దోషిగా నిర్ణయింపవచ్చును. "నిర్ణయింపవలెను" అని చట్టము అనలేదు. కొడుకును కాపాడుటకు తండ్రి తలయొగ్గవచ్చును, యజమానికి బదులు పాలేరు ఒప్పుకొనవచ్చును, "ఒప్పుకొంటివా, రెండేండ్లతో బయటపడుదువు" అని యెవరో నమ్మింపవచ్చును. అందుచేత ఘోర నేరములలో జడ్జికి అనుమానము కలిగినచో ఒప్పుకోలును పక్కనపెట్టి సాక్షులను పిలిపించును. ఒప్పుకొని శిక్షపడినవాడు పైకోర్టునకు పోయి శిక్ష హెచ్చనియో, చట్టవిరుద్ధమనియో మాత్రమే వాదింపగలడు.

దోషిగా తేలిన వెంటనే శిక్ష పలుకరు. శిక్ష విషయమై ముద్దాయి చెప్పుకొనదగినది వినుట ప్రత్యేకమైన ఘట్టము. పబ్లిక్ ప్రాసిక్యూటరును తన వాదము వినిపించును. ఇక్కడనే అసలు ప్రశ్న పుట్టును: జడ్జి ఎంతవరకు తగ్గగలడు?

1983కు ముందు అత్యాచారమునకు కనిష్ఠ శిక్ష యనునది చట్టమున లేదు. ఆ యేట 7 సంవత్సరములు కనిష్ఠముగా పెట్టిరి గాని, ప్రత్యేక కారణములు వ్రాసి అంతకన్న తగ్గించు వీలు మిగిల్చిరి. 2013లో ఆ సందును మూసిరి. 2018లో కనిష్ఠము 10 సంవత్సరములయ్యెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను అది 10 సంవత్సరముల కఠిన కారాగారమే. గరిష్ఠము యావజ్జీవము. బాధితురాలు 16 ఏండ్లలోపుదైనను, సామూహిక అత్యాచారమైనను 20 సంవత్సరములకు తగ్గదు. 12 ఏండ్లలోపు పసిబిడ్డ విషయమున మరణశిక్ష వరకు పోవచ్చును. నేరము జరిగిన నాటి చట్టము కన్న హెచ్చు శిక్షను తరువాతి చట్టము చొప్పున వేయరాదు గనుక పాత నేరములకు పాత లెక్కయే వర్తించును. ముద్దాయి కన్నీరు కార్చినను, తొలినాడే ఒప్పుకొన్నను, కనిష్ఠమను ఆ గీటు దిగుటకు సెషన్సు జడ్జికి అధికారము లేదు.

గీటుకు పైన మాత్రము తూకమున్నది. బాలిక వయస్సెంత, ఆమెకు కలిగిన గాయమెంత, నేరస్థుడు ఆమెకు బంధువా, ఉపాధ్యాయుడా, అధికారము గలవాడా, ఆయుధము చూపెనా, ముందే పన్నాగము పన్నెనా యని జడ్జి చూచును. ముద్దాయి వయస్సు, పూర్వచరిత్ర, పశ్చాత్తాపము కూడ చూచును. ఒప్పుకోలు పశ్చాత్తాపమునకు గురుతు కావచ్చును, సాక్ష్యము తప్పించుకొనలేని స్థితిలో వేసిన ఎత్తు కూడ కావచ్చును. బాధితురాలికి బోనెక్కి ఆ దుఃఖమును తిరిగి చెప్పుకొను బాధ తప్పినది గదా, దానికి విలువ లేదా యని అడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లండులో తొలి అవకాశముననే ఒప్పుకొన్నవానికి శిక్షలో మూడవ వంతు వరకు, విచారణ దినమున ఒప్పుకొన్నవానికి పదవ వంతు వరకు తగ్గింతురు. మన దేశమున అట్టి కొలబద్ద లేదు. 2006 నుండి కొన్ని చిన్న నేరములలో ముద్దాయి ఒప్పుకొని శిక్ష తగ్గింపు కోరు పద్ధతి వచ్చినది గాని, 7 సంవత్సరములకు మించిన శిక్ష గల నేరములకు, స్త్రీలపై జరిగిన నేరములకు అది వర్తింపదు.

పేదరికము, చదువులేమి, త్రాగుడు వంటి సాకులకు సుప్రీంకోర్టు విలువ ఇయ్యలేదు. ఏడెనిమిదేండ్ల బాలికపై కర్ణాటకలో జరిగిన అత్యాచారమునకు సెషన్సు కోర్టు 10 సంవత్సరములు వేయగా, ముద్దాయి నిరక్షరాస్యుడు, త్రాగుబోతు, సంసారము గలవాడని హైకోర్టు 4 సంవత్సరములకు తగ్గించెను. 2000లో సుప్రీంకోర్టు ఆ 10 సంవత్సరములను మరల నిలబెట్టెను. మన ఆంధ్రప్రదేశ్ కేసొకదానిలోను హైకోర్టు 10ని 4 చేయగా, 1995లో సుప్రీంకోర్టు దానిని 7కు పెంచెను.

రాజీ మాట కూడ నిలువదు. అత్యాచార కేసులలో ఇరుపక్షములు రాజీపడుట శిక్ష తగ్గింపునకు కారణము కాదని 2013లోను, పెండ్లి చేసికొందునను మాటతోనైనను మధ్యవర్తిత్వమునకు తావులేదని 2015లోను సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. జడ్జికే లేని రాజీ అధికారము పంచాయతీకి ఎక్కడిది? రచ్చబండ వద్ద జరిమానా వేసి ఊరుకొన్నచో ఆలస్యమునకు బలియగునది బాలికయే. వైద్య పరీక్ష ఆలస్యమగును, సాక్ష్యము చెడును, చివరకు నిందితుడు న్యాయస్థానమున ఒప్పుకొనుట మాని "నాకేమియు తెలియదు" అనును.

కనుక అట్టివారు ఇంటికి వచ్చిననాడు సర్పంచి చేయదగిన పని, బాలికను, తల్లిని వెంటనే ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకు పంపుట. ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలెను, ఏ ఆసుపత్రియైనను ఉచితముగా చికిత్స చేయవలెను. పదునెనిమిదేండ్లలోపు బిడ్డపై నేరము తెలిసియు తెలుపకపోవుట కూడ నేరమే. బాధితురాలి పేరు పంచాయతీ తీర్మానములలో గాని, కాగితములపై గాని వ్రాయరాదు. పేరు బయటపెట్టినవారికి రెండు సంవత్సరముల వరకు కారాగారము గలదు. నష్టపరిహారము కొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానికి నిందితుడు ఒప్పుకొనువరకు వేచియుండనక్కరలేదు.